ప్రమోషన్ నిర్ణయించే మీటింగులో మీ అమ్మాయి ఉండదు

ప్రశ్న: మా అమ్మాయి ఒక పెద్ద కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. చెప్పిన పని చెప్పిన టైముకి ఇస్తుంది, ఒక్క మాట పడలేదు. అయినా తన తర్వాత చేరినవాళ్లకి ప్రమోషన్ వచ్చింది. కాకా పట్టేవాళ్లకే అక్కడ ఎదుగుదల అంటోంది. మానేయమనాలా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. కాకా పట్టి పైకెళ్లేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ మీరు రాసినదాంట్లోనే ఒక చిక్కుంది. చెప్పిన పని టైముకి ఇవ్వడానికే ఇప్పుడున్న స్థాయిలో జీతం ఇస్తున్నారు. దానికి మంచి రేటింగ్ రావచ్చు, ప్రమోషన్ రావాలని లేదు. పై స్థాయి పని చేయగలదా, అక్కడ ఖాళీ ఉందా, బడ్జెట్ ఉందా అన్నవి వేరే లెక్కలు.

ఇంకోటి, చాలా పెద్ద కంపెనీల్లో ఇది మేనేజర్ ఒక్కడి చేతిలో ఉండదు. అతను పేరు సూచిస్తాడు, తర్వాత నలుగురైదుగురు మేనేజర్లు కూర్చుని ఒకరి టీమ్‌ని ఇంకొకరి టీమ్‌తో పోల్చి కోతలు వేస్తారు. ఉద్యోగుల్ని పైన 20, మధ్యలో 70, కింద 10 శాతంగా విడగొట్టే పద్ధతికి అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ సీఈఓగా ఉన్నప్పుడు జాక్ వెల్చ్ పేరు తెచ్చాడు. మైక్రోసాఫ్ట్ అలాంటి ర్యాంకింగ్‌ని 2013లో వదిలేసింది. అయితే బెల్ కర్వ్ (ఉద్యోగుల్ని ఇలా ముందే అనుకున్న శాతాల్లో సర్దడం) పేరు పోయినచోట కూడా పంచాల్సిన డబ్బు మాత్రం పరిమితమే కాబట్టి పోలిక తప్పదు. ఆ మీటింగులో మేనేజర్ మీ అమ్మాయి గురించి రెండు గట్టి వాక్యాలు చెప్పలేకపోతే, చెప్పగలిగిన మేనేజర్ టీమ్‌కి ఆ ప్రమోషన్ వెళ్లిపోతుంది.

ఆ వాక్యాలు తనే అందించాలి, అదీ అప్రైజల్ అయ్యాక ఏడుస్తూ కాదు, రెండు మూడు నెలల ముందే: ఏ సమస్య తీర్చింది, దానివల్ల ఎవరికి ఏం తగ్గింది లేదా పెరిగింది, అరపేజీ చాలు. తర్వాత సూటిగా అడగాలి, "పై లెవెల్‌కి నా దగ్గర ఏం తక్కువ?" అని. "విజిబిలిటీ పెరగాలి" లాంటి గాలి మాట వస్తే ఏ పని చేస్తే పెరుగుతుందో చెప్పించుకుని, అదే రోజు మెయిల్‌లో పెట్టేయాలి.

ఆమె రోజంతా ఏ పనులకి పోతోందో కూడా చూసుకోమనండి. మీటింగ్ నోట్స్, కొత్తవాళ్లకి నేర్పడం, ఆఫీస్ ఈవెంట్లు, అందరూ మెచ్చుకుంటారు, ప్రమోషన్‌లో ఎవరూ లెక్కపెట్టరు. ఆర్థికవేత్త లిండా బాబ్‌కాక్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధనలో ఇలాంటి పనులకి ఆడవాళ్లే ఎక్కువగా ముందుకొచ్చారు, వాళ్లనే ఎక్కువగా అడిగారు కూడా. అందరూ మగవాళ్లే ఉన్న గుంపుల్లో మాత్రం వాళ్లే ముందుకొచ్చారు, అంటే ఇది స్వభావం కాదు, ఆడవాళ్లు చేస్తార్లే అన్న ధీమా. వంతులవారీగా చేద్దామని అడగడంలో తప్పు లేదు.

ప్రసూతి సెలవు తీసుకుందనో, ఆడపిల్ల అనో ఆపితే మాత్రం అరపేజీ నోట్‌తో సరిపెట్టుకోకూడదు. తేదీలు, మెయిళ్లతో హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. (మీరు మాత్రం హెచ్‌ఆర్‌కి ఫోన్ చేయకండి, దయచేసి.)

రాతలో అడిగింది, చెప్పినవన్నీ చేసింది, వచ్చే అప్రైజల్‌లో మళ్లీ కొత్త సాకు వచ్చింది, అప్పుడు కదలాలి. ముందు అదే కంపెనీలో వేరే టీమ్ చూడమనండి, కంపెనీ పనితీరు తెలుసు కాబట్టి మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కర్లేదు. బయటికే వెళ్లాల్సి వస్తే జీతంతో పాటు ఏ లెవెల్‌లో తీసుకుంటున్నారో ఆఫర్ ఒప్పుకోకముందే తేల్చుకోవాలి. చేరాక దాన్ని మార్పించుకోవడానికి మళ్లీ ఇదే క్యూలో నిలబడాలి.