విదేశాల్లో పనిచేస్తే ఉపాధ్యాయుల్లో నిజంగా మార్పు వస్తుందా?

వస్తుంది. అయితే మనం అనుకుని వెళ్లిన విషయంలో కాకుండా మరో విషయంలో వస్తుందన్నది నా అనుభవం. వరంగల్ ప్రాంతంలో పదకొండేళ్లు లెక్కలు చెప్పిన తరువాత, విదేశీ ఉపాధ్యాయుల్లాంటి వారికి కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే జె-1 వీసా మీద అమెరికా వెళ్లి, టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ మిడిల్ స్కూల్లో మూడేళ్లు ఆరో తరగతికి గణితం బోధించాను. కొత్త పరికరాలు, కొత్త పద్ధతులు నేర్చుకోవడమే అసలు లాభమని అప్పట్లో అనుకున్నాను. అవి నెల రోజుల్లోనే అలవాటైపోయాయి.

మొదటి వారంలో "ఫోర్ ఇంటూ ఎయిట్ ఎంత?" అని అడిగితే తరగతిలో సగం మంది 2 అన్నారు. మనకు "ఇంటూ" అంటే గుణకారం. అక్కడ "ఫోర్ ఇంటూ ఎయిట్" అంటే ఎనిమిదిలో నాలుగు ఎన్నిసార్లు పోతుందని. లెక్క తెలిసి కూడా మాట అందక నిలబడిపోవడం ఎలా ఉంటుందో ఆ రోజు బోర్డు ముందు మొదటిసారి తెలిసింది.

అయినా నాకు వెంటనే బుద్ధి రాలేదు. ఆ శీతాకాలంలో మెక్సికో నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి, ఇంగ్లీషు ఇంకా పట్టుబడని పిల్ల, 952ను 4తో భాగించమంటే 238 అని సరిగ్గానే రాసి, కింద 15, 32, 0 మాత్రమే వేసింది. 9 కింద 8, 15 కింద 12 వేసి తీసివేతలన్నీ చూపించడం మన పద్ధతి. స్టెప్పులు లేవు కనుక పక్క పేపర్లో చూసి రాసి ఉంటుందనుకుని సగం మార్కులు కోసేశాను. ఆ అమ్మాయి పేపరును కాసేపు చూసి, నాలుగు మడతలు పెట్టి, మాట్లాడకుండా సంచిలో దాచుకుంది. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు తోడుగా ఉండే ఉపాధ్యాయురాలు రెండు రోజుల తరువాత వచ్చి, గుణకారం, తీసివేత మనసులోనే చేసుకుని మిగిలినది మాత్రమే రాయడం మెక్సికో బడుల్లో నేర్పే పద్ధతేనని చెప్పారు. మార్కులు తిరిగి వేశాను, క్షమించమని అడిగాను. మర్నాడు ఆ అమ్మాయే బోర్డు మీద ఇంకో లెక్క చేసి చూపించింది.

ఆ తరువాత చాలా రాత్రులు నన్ను వెంటాడినది మాత్రం నా పాత తరగతి. ఐదు దాకా తెలుగు మీడియంలో చదివి ఆరులో ఇంగ్లీషు మీడియంలో చేరిన ఎందరో పిల్లలు నోరు విప్పకపోతే, వీళ్లకు లెక్కలు రావని నేనే తీర్మానించుకున్నాను. భాష అర్థంకాని పిల్లలకు తక్కినవాళ్లకిచ్చిన పుస్తకాన్నే, గురువునే ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1974లోనే, శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీస్ పిల్లల వ్యాజ్యంలో చెప్పింది. ఆ మాట అక్కడి శిక్షణలో విన్నప్పుడు నాకు కళ్లముందు మెదిలినవి మా ఊరి ముఖాలే.

తిరిగి వచ్చాక, ఒకవైపు ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు ఉండే మన ద్విభాషా పాఠ్యపుస్తకంలో తెలుగు పేజీతోనే పాఠం మొదలుపెడుతున్నాను. ఇంగ్లీషు అలవాటు పడదని తోటి ఉపాధ్యాయులు కొందరు అభ్యంతరం చెబుతారు. నేను వారితో ఏకీభవించను. జవాబు విచిత్రంగా కనిపిస్తే కొట్టివేసే ముందు ఆ పిల్లను పిలిచి, "ఎలా చేశావో తెలుగులో చెప్పమ్మా" అని అడుగుతాను. పేపర్లు దిద్దడానికి ఇప్పుడు నాకు మునుపటికి దాదాపు రెట్టింపు సమయం పడుతోంది.