అమ్మలూ, ముందు ఆ చున్నీ సంగతి రాయి

అమ్మలూ,

నిన్న రాత్రి పప్పుకి తాలింపు వేస్తుంటే నీ మెసేజ్ వచ్చింది, చదువుతూ ఉండిపోయేసరికి ఎండుమిరపకాయలు కాస్త నల్లబడ్డాయి గానీ ఫర్లేదు, పప్పు బానే ఉంది. బ్లాగు మొదలుపెడదామని ఉంది పిన్నీ, కానీ రాయడానికి నా లైఫ్‌లో ఏం జరగట్లేదు, పీజీ హాస్టలు, ఆఫీసు, మళ్ళీ హాస్టలు, అంతే అన్నావు. ఆ మాటన్న నాలుగు లైన్ల కిందే ఏం రాశావో చూసుకున్నావా? బెంగళూరులో మీ మారతహళ్లి సందులో ఇస్త్రీ బండాయన నీ చున్నీ ఇంకెవరికో ఇచ్చేసి వాళ్ళ పసుపు చున్నీ నీకిచ్చాడని, మొన్న బస్టాప్‌లో ఎవరో అమ్మాయి నీ చున్నీ వేసుకుని నిలబడితే అడగాలా వద్దా అని ఆలోచిస్తూ బస్సు వదిలేసుకున్నావని. నేను రెండుసార్లు చదివాను, మీ బాబాయికి కూడా చదివి వినిపించాను. ఏం జరగట్లేదంటావేంటే!

బ్లాగు ఉంటే వచ్చే మొదటి సుఖం ఇదే అమ్మలూ. రాసేచోటు ఒకటుంది అని మనసుకి తెలిశాక కళ్ళు వేరేగా చూడ్డం మొదలుపెడతాయి. పాలు పొంగి స్టవ్ అంతా అయిందనుకో, తుడుస్తూనే లోపల మొదటి వాక్యం తయారవుతూ ఉంటుంది. లిఫ్ట్ ఆగిపోయి మూడో ఫ్లోర్‌కీ నాలుగో ఫ్లోర్‌కీ మధ్య పావుగంట ఇరుక్కున్నా విసుగు రాదు, పక్కన పాల ప్యాకెట్లు పట్టుకున్న పెద్దాయన ఏమంటున్నాడో వింటూ ఉంటాం. ఓసారి జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తుంటే రాజమండ్రి బ్రిడ్జి మీద అందరూ గోదారిలో చిల్లర వేస్తున్నారు, ఎదురు సీట్లో బామ్మగారు మనవడి చేతిలో అయిదు రూపాయల బిళ్ళ పెట్టి వెయ్యి నాన్నా దణ్ణం పెట్టుకుని అంది, వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అందరూ రూపాయే వేస్తున్నారుగా, మిగతా నాలుగూ గోదారి తిరిగిస్తుందా అనడిగాడు. బోగీలో మా వైపు సీట్లన్నీ నవ్వాయి. రాసుకోకపోతే అది సామర్లకోట దాటేలోపే మర్చిపోయేదాన్ని, ఇప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చదువుకుంటాను, చదివిన ప్రతిసారీ ఆ బామ్మగారి మొహం కనపడుతుంది.

నేను 2007లో మొదలుపెట్టాను, నువ్వప్పుడు స్కూలు పిల్లవి. అప్పటికి తెలుగు టైపింగ్ అంటే మామూలు వాళ్ళకి అందేది కాదనుకునేదాన్ని. లేఖిని అని ఒక సైట్ ఉందని ఎవరో చెప్తే తెరిచి చూశా, ఒక డబ్బాలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే ఇంకో డబ్బాలో తెలుగు వచ్చేస్తోంది, పెద్ద ఎమ్ కొడితే సున్నా, పెద్ద ఎల్ కొడితే ళ, పెద్ద ఎన్ కొడితే ణ. ఆ రోజు వంటింటి సామాన్ల లిస్టంతా కొట్టా, కందిపప్పు, చింతపండు, బెల్లం, మెంతులు అని, స్క్రీన్ మీద మన అక్షరాలు చూసుకోవడం కోసమే. రాసింది పబ్లిష్ కొట్టగానే కూడలి అనే సైటుకి పరిగెత్తేదాన్ని, అందరి కొత్త రాతలూ అక్కడ వరసగా కనపడేవి, మనది వచ్చేదాకా పేజీ రిఫ్రెష్ కొట్టుకుంటూ కూచోడమే. పోస్టుని టపా అనేవాళ్ళం, కామెంటుని వ్యాఖ్య అనేవాళ్ళం, పేరు చెప్పకుండా రాసేవాళ్ళంతా అజ్ఞాతలు. డిసెంబర్ రెండో ఆదివారం తెలుగు బ్లాగుల రోజు అని కూడా పెట్టుకున్నారు. యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో కలుసుకునేవాళ్ళు, నేను వెళ్ళినరోజు ఎవరి అసలు పేరు ఎవరికీ తెలీదు, ఓ మీరేనా ఆ వంకాయ టపా రాసింది అని పలకరింపులు. నా టపా చదివి నవ్వుకున్న మనిషిని మొదటిసారి ఎదురుగా చూసింది అక్కడే, ఆ సంతోషం నీకు ఎలా చెప్పాలో తెలీట్లేదు.

తర్వాత ఫేస్‌బుక్ వచ్చి చాలామంది అటెళ్ళిపోయారు, 2013 జూలైలో గూగుల్ రీడర్ కూడా ఆపేశారు, కొత్త టపాలన్నీ ఒకేచోట చదువుకునేవాళ్ళకి అదొక దెబ్బ. నేను మాత్రం ఎక్కడికీ కదల్లేదు. ఫేస్‌బుక్‌లో నాలుగేళ్ళ కిందట రాసింది వెతకాలంటే తాతలు దిగొస్తారు, బ్లాగులో పక్కన సంవత్సరం నొక్కి నెల నొక్కితే ఆ రోజు ఏం కూర వండానో, అది ఎందుకు చేదొచ్చిందో కూడా దొరుకుతుంది. సొంతిల్లు లాంటిది, గోడకి ఏ రంగు వేసుకోవాలో కూడా మనిష్టమే, నేనైతే మొదటి ఏడాది పదిసార్లు టెంప్లేట్ మార్చాను, అదో సరదా.

ఇక రోజూ జరిగేది రాస్తే ఎవరు చదువుతారు అన్నావు కదా. ఏనుగుల వీరాస్వామిగారి గురించి విన్నావా? మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా చేసేవారు. 1830 మే 18న పల్లకీలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చారు, దారి పొడుగునా ఎక్కడ దిగారు, ఆ ఊరు ఎలా ఉంది, రోడ్డు ఎలా ఉంది, అంగళ్ళలో ఏం దొరుకుతాయి, అన్నీ ఏ రోజుకారోజు రాసుకుంటూ చెన్నపట్నంలో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళైగారికి పంపేవారు. ఆ స్నేహితుడే దాన్ని 1838లో కాశీయాత్ర చరిత్ర అని అచ్చు వేయించాడు. ఇందులో నాకు బాగా నచ్చేది ఏంటంటే ఆయన మనసులో ఒక మనిషిని పెట్టుకుని రాశారు, అందుకే ఆ రాతలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నన్నడిగితే తెలుగులో మొదటి బ్లాగరు ఆయనే. అప్పుడు ఏ ఊళ్ళో సరుకులు దొరికేవో దొరికేవి కాదో ఇప్పుడు మనకి తెలుస్తోందంటే అది ఆయన చిన్న విషయాలని వదిలెయ్యకుండా రాయడం వల్లే కదా.

నువ్వు కూడా అలాగే ఒకళ్ళకి చెప్తున్నట్టు రాయి. నాకు చెప్తున్నట్టు రాయి కావాలంటే. నా పేరు ఫలానా, ఇది నా మొదటి బ్లాగు, తప్పులుంటే క్షమించండి అని మొదలుపెట్టకు, ఆ పేరా చదివేలోపు మనిషి లేచెళ్ళిపోతాడు. నేరుగా ఇస్త్రీ బండి దగ్గర మొదలెట్టు. ఆ బొగ్గుల పెట్టె ఎంత బరువుంటుందో, ఆయన బట్టల మూటకి ఏ రంగు గుడ్డ కడతాడో, నీతో ఏ భాషలో మాట్లాడతాడో, అవి రాయి, నీకు రోజూ చూసేవి కాబట్టి అవి రాయక్కర్లేదు అనిపిస్తుంది, అదిగో అవే రాయాలి. మాటలు మాత్రం ఆ రాత్రికే ఫోన్‌లో పెట్టేసుకో. జరిగింది వారం తర్వాత కూడా గుర్తుంటుంది గానీ ఎవరు ఏ మాటన్నారో తెల్లారేసరికి పోతుంది, ఆ రైలు పిల్లాడు తిరిగిస్తుందా అనే అన్నాడు, ఇస్తుందా అనలేదు, ఆ తిరిగి అన్నదాంట్లోనే ఉంది రుచంతా.

ఎంత రాయాలి, వారానికి ఎన్ని రాయాలి అని లెక్కలు పెట్టుకోకు. ఒక్కోసారి నాలుగు లైన్లు చాలు. ఒకసారి మే నెలలో కరెంటు పోయి అపార్ట్‌మెంట్ అంతా డాబా మీదకి చేరితే ఎవరెవరు ఏం తెచ్చుకున్నారో అంతే రాశాను, చాప, విసనకర్ర, పుచ్చకాయ ముక్కలు, ఒకాయన ట్రాన్సిస్టర్. ఇప్పటికీ దాన్ని గుర్తుచేసేవాళ్ళున్నారు. ఎంతమంది చూశారనే లెక్క ఆ పేజీలో కనపడుతుంది, మొదట్లో రోజుకి పదిసార్లు చూడాలనిపిస్తుంది, చూసుకో, సరదానే, కానీ దాన్ని బట్టి ఏం రాయాలో మార్చుకోకు.

ఇంకోటి, ఇది కాస్త గట్టిగానే చెప్తున్నా. ఇంట్లోవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళకి చూపించి రాయి. మొదట్లో నేను మా అత్తగారి చాదస్తం మీద ఒక టపా రాశాను, అందరూ తెగ నవ్వారు, ఆవిడకి ఎవరో చదివి వినిపించారు. ఆవిడ ఏమీ అనలేదు, రెండ్రోజులు నాతో మామూలుగానే మాట్లాడారు కానీ వంటింట్లో పాట పాడుకోవడం మానేశారు. తీసేశాను దాన్ని. తర్వాత నుంచి ఆవిడ గురించి రాస్తే ముందు ఆవిడకే చదివి వినిపించేదాన్ని, చివరికి ఎలా అయిందంటే, ఇవాళ నా మీద ఏం రాయట్లేదా అని ఆవిడే అడిగేవారు. ఆవకాయ టపా అలాగే వచ్చింది, ఆవపిండీ కారం సమానం, ఉప్పు ఒక పిసరు తక్కువ, అని ఆవిడ చెప్తుంటే కుర్చీ పక్కన కూచుని టైప్ చేశా, మధ్యమధ్యలో మీ మావగారికి కారం పడదు అని ఆవిడ పెళ్ళైన కొత్తలో సంగతులు కూడా వచ్చేశాయి. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ప్రతి ఎండాకాలం ఆ టపా కోసం ఎవరో ఒకరు వస్తారు, కొలత అడుగుతారు, నేను మళ్ళీ తెరిచి చూస్తాను, ఆవిడ గొంతు అలాగే ఉంది అందులో.

అందుకే బ్యాకప్ తీసి పెట్టుకో తల్లీ. బ్లాగర్ అని బ్లాగులు పెట్టుకునే గూగుల్ సైటుంది కదా, అందులో సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఆ ఆప్షన్ ఉంటుంది, అయిదు నిమిషాల పని, ఆర్నెల్లకోసారి చెయ్యి. నా పాత కంప్యూటర్ పోయినప్పుడు ఇంకా పబ్లిష్ చెయ్యకుండా అందులో రాసి పెట్టుకున్నవి ఇరవై దాకా పోయాయి, వాటిల్లో మీ అమ్మ చిన్నప్పుడు పుష్కరాల రేవులో తప్పిపోయిన కథ ఒకటి. మళ్ళీ రాశాను గానీ మొదటిదానంత బాగా రాలేదు.

పేరు ఏం పెట్టాలి అనడిగావు. ముందు ఏదో ఒకటి పెట్టెయ్, పేరు దగ్గరే ఆర్నెల్లు ఆగిపోయినవాళ్ళని చూశాను. నేనైతే పసుపు చున్నీ అని పెట్టుకుంటాను, నీ ఇష్టం.

ఇవాళ శుక్రవారం, నీకు రేపెలాగూ సెలవు. ఆ చున్నీ సంగతి రాసి లింకు పంపు, రాత్రి ఎంతైనా పర్లేదు, మేలుకునే ఉంటాను. మీ బాబాయి పొద్దున్నించీ రెండుసార్లు అడిగారు, ఆ బస్టాప్ అమ్మాయి మళ్ళీ కనపడిందా? పసుపుది ఆ అమ్మాయిదేనా, లేక మధ్యలో ఇంకో మూడో చున్నీ ఏదైనా ఉందా?

మీ పిన్ని