కాలిపోయిన మోటర్‌హోమ్‌కి ఎవరిని పట్టుకోవాలి?

ప్రశ్న: నేను రిటైరైన ఉద్యోగిని. బండి వేసుకుని దేశమంతా తిరిగి రావాలని నాకూ మా ఆవిడకీ ఎన్నాళ్ల నుంచో కోరిక. రిటైర్మెంట్ డబ్బుతో పాత మినీ బస్సు కొని, ఒక బాడీ బిల్డింగ్ షెడ్డులో మోటర్‌హోమ్‌గా మార్పించాం. షెడ్డువాళ్లకి 11 లక్షలు ఇచ్చాను. అందులో 7 లక్షలు బ్యాంకు ద్వారా, 4 లక్షలు నగదుగా. 2023 ఆగస్టు 21న బండి చేతికి వచ్చింది. సెప్టెంబరు వానలకే పైకప్పు కారింది. ఎన్నిసార్లు అడిగినా ‘చేద్దాం సార్’ అన్నారే తప్ప చేయలేదు. 2025 ఫిబ్రవరి 9 రాత్రి పార్క్ చేసి ఉన్న బండిలో ఇన్వర్టర్ దగ్గర మంటలు లేచి లోపలంతా కాలిపోయింది. ఆర్సీలో ఉన్న బండి వేరు, కాలిన బండి వేరు అంటూ ఇన్సూరెన్స్ కంపెనీ ఏప్రిల్ 4న క్లెయిమ్ తిరస్కరించింది. ఇన్నేళ్లలో ఒక్క క్లెయిమ్ పెట్టని మనిషిని, నాకా ఈ అన్యాయం? మా అబ్బాయి మొదటే వద్దన్నాడు, ఇప్పుడు వాడి ముందు తలెత్తుకోలేకపోతున్నాం. షెడ్డు యజమాని మాత్రం ‘బండి తెచ్చి ఇక్కడ పెట్టండి, వైరింగ్ ఉచితంగా చేస్తా. తెలిసిన ఏజెంటు ఉన్నాడు, ఆర్సీ పాత తేదీతో మార్పిస్తా, క్లెయిమ్ మళ్లీ పెట్టుకోండి’ అంటున్నాడు. మంచివాడే అనిపిస్తోంది. ఇన్సూరెన్స్ కంపెనీని కోర్టుకి లాగాలనుకుంటున్నాను. (బండిని రెండు మూడు సార్లు తెలిసినవాళ్లకి డీజిల్ ఖర్చుల మీద ఇచ్చాం, అంతకుమించి వాడలేదు.) కాగితాలన్నీ జతచేస్తున్నాను. సలహా ఇవ్వగలరు.
(పేరు రాయవద్దన్న పాఠకుడు, 2025 జూలై)

జవాబు: మీరు కొట్లాడాల్సిన మనిషి ఇన్సూరెన్స్ కంపెనీలో లేడు. మీరు మంచివాడంటున్న షెడ్డు యజమానే ఆ మనిషి. అతని మీద ఫిర్యాదు వేయడానికి మీకు మిగిలింది ఐదారు వారాలు. మీ ఉత్తరంలో నాలుగు పేజీలు కంపెనీ గురించి రాశారు, గడువు గురించి ఒక్క ముక్క లేదు.

ముందు ఆర్సీ చూడండి. అందులో ఇప్పటికీ సీటింగ్ 13 అనే ఉంది. మీ ఫొటోల్లో ఉన్న బండిలో రెండు పడకలు, వంటగట్టు, టాయిలెట్, డ్రైవరుతో కలిపి నాలుగు సీట్లు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆర్టీవో వర్సెస్ కె. జయచంద్ర కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ ఉంచుకోవడం తప్పేమీ కాదు, చట్టంలో దానికి వేరే తరగతే ఉంది. మోటర్ క్యారవాన్లకి ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. ఆ ప్రమాణానికి తగ్గట్టు కట్టి, అనుమతి తీసుకుని, ఆర్సీలో రాయించుకున్నాకే బండి రోడ్డెక్కాలి. మీ విషయంలో ఇవేవీ జరగలేదు. అలాంటి బండికి యజమాని మీద కూడా సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఈ తప్పులో మీ వాటా లేదని అనుకోకండి. బండి చేతికి వచ్చిన రోజు ఆర్సీ ఒకసారి తిప్పి చూసినా తెలిసేది.

అందుకే కంపెనీ మీద మీ కేసు బలహీనం. పాలసీ షరతు తప్పినా అది ఒప్పందం మూలానికే ముప్పు తెచ్చేంతది కాకపోతే 75 శాతం దాకా నాన్ స్టాండర్డ్ క్లెయిమ్‌గా, అంటే కొంత కోసి మిగతాది ఇవ్వొచ్చని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు అన్నది నిజం. మీ వకీలు అది చూపించి వాదించవచ్చు. అయితే మీ బండిని ఏ లారీయో గుద్ది ఉంటే ఆ వాదనకి బలం ఉండేది. మీ విషయంలో ఆర్సీకెక్కని మార్పులోంచే మంట పుట్టింది. పైగా ఇన్వర్టర్, ఫ్రిజ్ లాంటి అదనపు ఎలక్ట్రికల్ సామాను విలువ చెప్పి, ప్రీమియం కట్టి, ఐఎంటీ 24 ఎండార్స్‌మెంట్ (అలాంటి సామానుకి పాలసీలో చేర్పించే అదనపు షరతు) తీసుకోవాలి. మీ పాలసీలో అది లేదు. చెప్పని సామానుకి కంపెనీ ఎందుకు ఇస్తుంది?

ఇక అసలు కాగితానికి వద్దాం. షెడ్డువాళ్ల కొటేషన్‌లో తొమ్మిదో నంబరు: ‘ఆర్టీవో అప్రూవల్, ఆర్సీ మార్పు మాదే బాధ్యత.’ కింద సంతకం, ముద్ర ఉన్నాయి. దీన్ని మీరు మీ ఉత్తరంలో ఎక్కడా ప్రస్తావించలేదు. మీ కేసు మొత్తం నిలబడేది ఈ ఒక్క వరుస మీదే. ఇది లేకపోతే ఆర్సీ మార్చుకోవడం ఓనర్ పని అని అతను చేతులు దులుపుకునేవాడు. ఇది ఉంది కాబట్టి అతనికి రెండే దారులు: ఒప్పుకున్న పని చేయలేదనాలి, లేదా చేయలేని పనికి మాటిచ్చి డబ్బు తీసుకున్నానని ఒప్పుకోవాలి. మొదటిది సేవాలోపం, రెండోది అనుచిత వ్యాపార పద్ధతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద రెండింటికీ పరిహారం అడగొచ్చు. క్లెయిమ్ పోయిన నష్టం కూడా ఈ లోపం వల్లే అని ఇతని దగ్గరే అడగొచ్చు.

ఇప్పుడు గడువు. ఆ చట్టం సెక్షన్ 69 ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. ఆర్సీ మార్చకుండా బండి మీ చేతికిచ్చింది 2023 ఆగస్టు 21న. కాబట్టి 2025 ఆగస్టు 20 లోపు ఫైల్ కావాలి. మంట లేచిన తేదీ నుంచి లెక్కేస్తే 2027 ఫిబ్రవరి దాకా ఉందని ఎవరైనా అనొచ్చు. అలా వాదించడానికి దారి లేకపోలేదు, కానీ కాగితాలు చేతిలో ఉండగా ఆ జూదం ఎందుకు? అతను ఫోన్‌లో ‘చేద్దాం సార్’ అన్నన్నాళ్లూ గడువు ఆగి ఉందని మీరు అనుకుంటున్నట్టున్నారు. నోటి మాటతో గడువు ఆగదు. మీరు పంపే లీగల్ నోటీసుతో పెరగదు కూడా. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది, కానీ దానికి తగిన కారణం చూపాలి. మొహమాటం తగిన కారణం కాదు.

షెడ్డు యజమాని చెప్పిన దారి గురించి. వద్దు. ఆ ఏజెంటుకి ఫోన్ కూడా చేయకండి. ఆర్సీలో జరిగే మార్పు రవాణా శాఖ కంప్యూటర్ రికార్డులో తేదీతో సహా నమోదవుతుంది, సక్రమంగా పాత తేదీతో ఎవరూ దాన్ని మార్పించలేరు. మార్పించామని ఎవరైనా కాగితం చేతిలో పెడితే అది నకిలీదే. దాంతో క్లెయిమ్ పెట్టారంటే భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం, 336 కింద ఫోర్జరీ, నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడినందుకు 340, ఇవన్నీ క్లెయిమ్ ఫారం మీద సంతకం చేసిన మీ మెడకే చుట్టుకుంటాయి. ఏజెంటు కనిపించకుండా పోతాడు. షెడ్డు యజమాని నాకేం తెలియదంటాడు. ఇప్పుడు మీరు నష్టపోయిన మనిషి, అప్పుడు ముద్దాయి.

ఉచిత వైరింగ్ కూడా వద్దు. బండి అతని షెడ్డులోకి వెళ్లిన మరుక్షణం మీ సాక్ష్యం పోయినట్టే. కాలిన కేబుళ్లు తీసేసి కొత్తవి వేస్తాడు, ‘పని సంతృప్తికరం’ అని ఒక కాగితం మీద మీ సంతకం తీసుకుంటాడు, తర్వాత ఎవరు ఎవరికి ఏం నిరూపిస్తారు? అసలే మీరు కాలిన ఇన్వర్టర్‌ని పాత సామానువాడికి అమ్మేశారు. క్షమించాలి, ఇది చదివి నాకు కోపం వచ్చింది. కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువుని తూకానికి వేశారు. కనీసం బ్యాటరీ, మిగిలిన కేబుల్ ముక్కలు, స్విచ్ బోర్డు ఉన్నాయన్నారు. వాటిని తుడవకండి, కడగకండి. ఉన్నచోట ఉన్నట్టు ఫొటోలు తీసి, విడివిడి సంచుల్లో పెట్టి, ఏది ఎక్కడిదో చీటీ అంటించండి. బండి మీద టార్పాలిన్ కప్పండి.

తర్వాత ఒక చార్టర్డ్ ఇంజినీరుని పిలిచి తనిఖీ చేయించండి. ఏ రోజు, ఎన్ని గంటలకి తనిఖీయో షెడ్డు యజమానికి స్పీడ్ పోస్టులో ముందే తెలియజేయండి, వస్తాడా రాడా అన్నది అతని ఇష్టం. నా వెనక చేయించిన రిపోర్టు అనే మాట అప్పుడు చెల్లదు. ఇంజినీరుని ఊరికే ‘ఎందుకు కాలింది’ అని అడగకండి. బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందా? కేబుల్ మందం ఎంత? 2,000 వాట్ల లోడు పెడితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 160 ఆంపియర్లకి పైగా కరెంటు లాగుతుంది. ఇంట్లో ఫ్యాన్లకి వాడే వైరు దాన్ని మోయలేదు. వీటికి జవాబులు రాతపూర్వకంగా రావాలి. అవసరమైతే ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషనే ల్యాబ్ పరీక్షకి పంపించే వీలు సెక్షన్ 38లో ఉంది, కానీ పంపడానికి వస్తువంటూ మిగలాలి కదా.

పైకప్పు కారడాన్ని మీరు వేరే బాధగా రాశారు. కాదు, అదీ ఈ కేసులో భాగమే. 2023 సెప్టెంబరు 14న మీరు అతనికి వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. నీటి చార సీలింగ్ అంచు నుంచి దిగి, ఇన్వర్టర్ ఉన్న అల్మరా తలుపు మీదకి వచ్చింది. అతను దాన్ని చూశాడు, బొటనవేలు ఎత్తిన ఎమోజీ పెట్టాడు. నీళ్లు ఎక్కడికి చేరుతున్నాయో మంటకి పదహారు నెలల ముందే అతనికి తెలుసు. ఇంతకన్నా మంచి సాక్ష్యం మీ కట్టలో ఇంకోటి లేదు. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. ఫొటో తీసిన అసలు ఫైలు వేరే దాచండి, వాట్సాప్‌లో వెళ్లిన కాపీలో తీసిన తేదీ, సమయం లాంటి వివరాలు ఉండవు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. అందులో మీరు నింపే భాగం ఒకటి, నిపుణుడు నింపే భాగం ఒకటి. స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి పిన్ను కొడితే సరిపోదు.

దీనికి అతని జవాబు ఏమిటో ఇప్పుడే చెప్తాను: ‘ఓనర్ మెయింటెనెన్స్ చేయలేదు.’ మోటర్‌హోమ్ పైకప్పు అతుకుల్లో సీలెంటు ఎండకి పగులుతుంది, ఏడాదికి రెండుసార్లైనా పైకెక్కి చూసుకోవాలి అన్నది నిజమే. మీరు చూసుకున్న దాఖలా ఏమైనా ఉందా? సీలెంటు ట్యూబు బిల్లు, మెకానిక్ రసీదు, ఏది దొరికినా పెట్టండి. మీ వైపున్న మంచి విషయం, చేతికొచ్చిన నెలలోపే కారింది. కొత్త సీలెంటు నెలలో పగిలిందంటే అది మెయింటెనెన్స్ లోపం కాదు.

నగదుగా ఇచ్చిన 4 లక్షలకి రసీదు లేదు. ఏం చెప్పను! ఒకే లావాదేవీ మీద 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం, 1961 సెక్షన్ 269ఎస్‌టీ కింద తీసుకున్నవాడి తప్పు, కాబట్టి అతను ఒప్పుకోడు. కొటేషన్‌లో మొత్తం 11 లక్షలని ఉంది, డెలివరీ చలానాలో ‘బాకీ లేదు’ అని ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. ఆ రోజుల్లో బ్యాంకు నుంచి తీసిన నగదు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తే అదీ జతచేయండి. మిగతాది కమిషన్ నమ్మాలి.

ఫిర్యాదు మీరున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, షెడ్డున్న ఊరికి వెళ్లనక్కర్లేదు. 50 లక్షల దాకా చెల్లించిన లావాదేవీలు జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తాయి. మీ మొత్తానికి ఫీజు 400 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా వేయొచ్చు. ముందు నోటీసు పంపడం చట్టప్రకారం తప్పనిసరి కాదు, పంపితే పది రోజుల గడువిచ్చి ఈ వారమే పంపండి. జవాబు రాలేదని ఆగస్టు 20 దాటనివ్వకండి.

ఇన్సూరెన్స్ సంగతి పూర్తిగా వదిలేయమనను. కంపెనీని సర్వేయర్ రిపోర్టు కాపీ అడగండి, అది షెడ్డు మీద కేసుకీ పనికొస్తుంది. తిరస్కరణ మీద ముందు కంపెనీకే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అయితే ఇదే విషయం మీద కంపెనీని కమిషన్‌లో కూడా ప్రతివాదిగా చేర్చారంటే అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. అందుకే కమిషన్‌లో షెడ్డు ఒక్కదాన్నే పెట్టమంటున్నాను. రెండు చోట్లా రెండో దాని సంగతి దాచకుండా రాయండి.

ఇలాంటి బండి కొనబోతున్నవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్సీలో తరగతి, సీట్లు, మొత్తం బరువు చదవాలి. బరువు 7,500 కిలోలు దాటితే మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలదు. నీళ్ల ట్యాంకు నింపి, సామాను సర్ది, వేబ్రిడ్జి మీద ఒకసారి తూయించి ఆ చీటీ దాచుకోండి, వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. టైర్లు నిలబడి ఉన్నా ముసలివవుతాయి, పక్కన ఉన్న నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం.

చివరిగా, మీరు బ్రాకెట్లో పెట్టిన వాక్యం. డీజిల్ ఖర్చుల మీద బండి ఇచ్చామన్నారు. అవతలి వకీలు దాన్ని బ్రాకెట్లో వదలడు. ‘అద్దెకి తిప్పారు, వ్యాపారం కోసం చేయించుకున్నారు, వీళ్లు వినియోగదారులే కాదు’ అంటాడు. నిజంగా డీజిల్‌కి మించి ఒక్క రూపాయి తీసుకోకపోతే, ఎవరికి, ఎప్పుడు, ఎంత దూరం ఇచ్చారో రాసి, వాళ్లలో ఒకరిద్దరి అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. తీసుకుని ఉంటే ఆ మాట మీ వకీలుకి మొదటి రోజే చెప్పండి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆయనకి తెలిసే పరిస్థితి తెచ్చుకోకండి.