శాలువలకు కాదు, ఊపిరికి పైసలు అడుగు

బిడ్డా,

నువ్వు పంపిన దరఖాస్తు రెండుసార్లు చదివిన. మత్తుమందు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్న మనిషిని బతికించుడు 108 వాళ్లకు, కానిస్టేబుళ్లకు, ఆశా కార్యకర్తలకు నేర్పాలన్నవు. మంచి పని. గని నువ్వడిగిన పైసల్ల సగం ఫంక్షన్ హాలుకు, బ్యానర్లకు, భోజనాలకు, శాలువలకే పోతున్నయి. అవి కొట్టెయ్యి.

క్యాజువాలిటీల ఇరవై రెండేండ్లు నర్సుగ చేసిన. ఒక రాత్రి ఇరవై ఏండ్లు నిండని పిల్లగాన్ని ఆటోల తెచ్చిండ్రు. పెదవులు నీలమైనయి, కంటిపాపలు సూదిమొనంత అయినయి. దారి పొడుగునా ముఖం మీద నీళ్లు చల్లిండ్రు, చెంపలు కొట్టిండ్రు. ఊపిరి మాత్రం ఎవ్వరూ ఇయ్యలె. తెచ్చినోళ్లల్ల ఒకాయన ప్రథమ చికిత్స క్లాసు విన్నోడే, గని ఎన్నడూ చేతులతోని చేసి చూడలె. పిల్లగాడు దక్కలె. వాళ్లమ్మ ఏడుపు నాకింకా యాదికున్నది.

అందుకే చేతులకు పని నేర్పేటందుకు అడుగు. ఊపిరి ఇచ్చుడు నేర్చుకునే బొమ్మలు, చేత్తోని ఒత్తి ఊపిరి ఇచ్చే అంబు బ్యాగులు, మాస్కులు, ఆరు నెలలకోసారి వాళ్లనే మళ్లా పిలిచి చేయించే ఖర్చు రాయి. ఒక్కరోజు నేర్పితే చేతులు మరిచిపోతయి.

ఇగ నాలోక్సోన్ సంగతి. హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్ అసొంటి వాటితోని ఊపిరి మందగిస్తే ఇది కొన్ని నిమిషాల్ల తిప్పుతది. అయితే దాని పని అరగంట నుంచి గంటన్నర వరకే. లోపల మత్తు ఇంకా మిగిలుంటే ఊపిరి మళ్లా పడిపోతది. కండ్లు తెరిచిండని ఇంటికి పంపొద్దు, దవాఖానకే తీసుకపోవాలె. అమెరికాల 2023ల ముక్కుల కొట్టే నాలోక్సోన్ స్ప్రేను డాక్టరు చీటీ లేకుండ అమ్మనిచ్చిండ్రు. ఆ ప్లాను ఇక్కడ దించకు. మన దవాఖానల్ల ఎక్కువ కనబడేది ఇంజెక్షనే. సూది ఎవరు ఇయ్యొచ్చో ముందుగాల డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) దగ్గర కాగితం మీద తేల్చుకో.

మన దిక్కు ఇంకో రెండు ముచ్చట్లున్నయి, అవి నీ దరఖాస్తుల లెవ్వు. కల్తీ కల్లుల కలిపే ఆల్ప్రాజోలం అనే నిద్రమత్తు మందు మీద నాలోక్సోన్ పనిచెయ్యది. కొన్ని రకాల పురుగుల మందులు తాగినోళ్లకు కూడ కంటిపాపలు సూదిమొనంతనే అయితయి. అప్పుడు నోట్లె నురగ, ఒంటినిండ చెమట, మందు వాసన ఉంటయి. దానికి అట్రోపిన్ కావాలె, అది దవాఖానల డాక్టరు ఇస్తడు. పురుగుల మందైతే నోటితోని ఊదొద్దు, ఊదినోళ్లకు కూడ ప్రమాదమే. అంబు బ్యాగుతోనే ఇయ్యాలె. మత్తుమందు, కల్తీ కల్లు, పురుగుల మందు, ఈ మూడింటి తేడా క్లాసుల చెప్పకపోతే మన ఊర్లల్ల ఆ శిక్షణ సగమే. మూడింట్ల ఏదైనా సరే, ఊపిరి నిలబెట్టుడే మొదటి పని.

పైసలకు జడ్చర్ల పక్కన పోలేపల్లి మందుల కంపెనీలను, వాడపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలను అడుగు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీ, అంతకుముందు మూడేండ్ల సగటు లాభంల 2 శాతం సమాజ సేవకు పెట్టాలె. ఆరోగ్యం ఆ లిస్టుల ఉన్నది. మీ సంఘానికి 12ఏ, 80జీ అనే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు, కంపెనీల సేవా పైసలు తీసుకునేటందుకు కావాల్సిన సీఎస్‌ఆర్-1 నంబరు, మూడేండ్ల అనుభవం ఉంటేనే నీ చేతికిస్తరు. లేకపోతే అవన్నీ ఉన్న సంఘంతోని కలిసి అడుగు. ఏప్రిల్‌ల కొత్త లెక్క మొదలైతది, జనవరిలనే పో. గనులోళ్లు రాయల్టీకి అదనంగ కట్టే పైసలతోని నడిచే జిల్లా ఖనిజ నిధిల కూడ ఆరోగ్యానికి ముందు వరుస ఉన్నది, దానికి కలెక్టర్ దగ్గరికి పో. ఎంపీ నిధుల కోసం తిరగకు, అవి ముఖ్యంగ కట్టడాలకు, సామాన్లకే, జీతాలకు శిక్షణకు రావు.

బొమ్మలకు, బ్యాగులకు మూడు దుకాణాల కొటేషన్లు పెట్టు. తిరగరాసి నాకు పంపు. మొదటి క్లాసు నేనే చెప్త, నా పేరు మీద ఖర్చు రాయకు.

మీ పెద్దమ్మ