తుపాకులు ఆగిన మర్నాడు

తమ్ముడూ,

శ్రీలంకలో సైన్యానికీ తమిళ పులులకీ (ఎల్టీటీఈ) ఆఖరి పోరు జరిగిన ముల్లివైక్కాల్ మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. బంకర్లు, గుండ్లు, నెత్తురు, ఆఖర్న తెల్లజెండా. 2009 మే 18తో ముగించేశావు. నాకు పేచీ అక్కడే. బతికి బయటపడ్డవాళ్ల కథ ఆ మర్నాడు కదా మొదలయ్యేది!

దాదాపు మూడు లక్షల మంది తమిళులు ప్రాణాలతో బయటికొచ్చారు. వాళ్లలో ఎక్కువమందిని ఉత్తరాన వవునియా దగ్గర మెనిక్ ఫామ్‌లో ముళ్లకంచె లోపల పెట్టారు. పేరుకి శిబిరం, నెలల తరబడి గడప దాటనివ్వలేదు. 2012 సెప్టెంబరులో దాన్ని మూసేసినప్పుడు కేప్పాపులవు అనే ఊరివాళ్లని సొంతూరికి పంపలేదు. అక్కడ సైన్యం దిగి ఉంది మరి. అడవి కొట్టిన ఇంకో చోట దింపారు. లెక్కల్లో మాత్రం శిబిరం ఖాళీ. నీ కథలో 'పునరావాసం' అనే మాట కొట్టేయి, అది ఫైళ్ల భాష.

2017లో ఆ ఊరి ఆడవాళ్లు సైనిక శిబిరం ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. ఇక్కడ కాసేపు ఆగు. ఒకామె కంచెకి ఇవతల నిలబడి ఉందనుకో. పాలిథిన్ కవర్లో మడతపెట్టిన భూమి కాగితం చేతిలో. అవతల ఆమె బావి, ఆమె పెట్టిన కొబ్బరిచెట్లు. కాయలెవరు దింపుకుంటున్నారో కళ్లారా చూస్తోంది. ఆ చూపు రాయి, చాలు.

ఇంకో సంగతి నీకు రుచించకపోవచ్చు. 1990 అక్టోబరులో పులులు ఉత్తరాది ముస్లింలని, 70 వేలకు పైగా జనాన్ని, వెళ్లగొట్టారు. జాఫ్నాలో ఇచ్చిన గడువు రెండు గంటలు. వాళ్లదీ తమిళమే. చాలామంది పడమటి తీరంలోని పుత్తళం చేరారు. యుద్ధం అయ్యాక తిరిగొద్దామంటే, ఉత్తరాన ఇళ్లు కూలి చెట్లు మొలిచాయి. పుత్తళంలో పుట్టిన పిల్లలకి అదే సొంతూరు. కుర్రతనంలో నేనూ పులుల మీద పద్యాలు రాశాను, ఈ ముక్క దాటేసి. ఇప్పుడవి తిరగేస్తే తల కొట్టేసినట్టుంటుంది. నువ్వు దాటేయకు.

ఏటా మేలో శ్రీలంక తమిళులు ముల్లివైక్కాల్ గంజి కాస్తారు. బియ్యం, నీళ్లు, ఉప్పు. యుద్ధం ఆఖరి రోజుల్లో దొరికిన తిండి అదే. కొబ్బరి చిప్పల్లో పోసి పంచుతారు. 2024లో శ్రీలంక తూర్పున, ఈ గంజి పంచారని ఆడవాళ్లని అరెస్టు చేశారు. పదిహేనేళ్ల తర్వాత, గంజికి!

ఆ పొయ్యి దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. తొందరేం లేదు, దసరా దాకా ఇంట్లోనే ఉంటాను.

మీ అన్న