గోదావరిని చూడాలంటే సైకిలు దిగు

చిట్టితల్లీ,

ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. ఏడుపు గొంతుతో మొదలుపెట్టి కోపంతో ముగించింది. సంక్రాంతి సెలవులకు నువ్వు రాజమండ్రి వచ్చి, బుజ్జిగాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని, కోటిలింగాల ఘాటు నుంచి ధవళేశ్వరం దాకా గోదావరి గట్టు వెంట సైకిలు మీద తిరుగుతావట. "అది నీ మాటే వింటుంది, నువ్వే చెప్పు అక్కా" అంది. వద్దని చెప్పమని ఆమె ఉద్దేశం. నాకు నోరు రాలేదు. ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆడపిల్ల సైకిలెక్కితే అరుగుల మీద మాటలు ఆగిపోయే రోజుల్లో ఈ ఊళ్లో సైకిలు తొక్కినదాన్ని నేను. మన ఇంట్లో మళ్లీ ఒకతెకు ఆ బుద్ధి పుట్టిందని విని ఎంత పొంగిపోయానో, వెనక పిల్లవాడు అనగానే అంత భయపడ్డాను.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. గాలి, బ్రేకులు, బెల్లు ముందురోజు సాయంత్రమే చూసుకో. ఇద్దరికీ హెల్మెట్లు ఉండాలి. నీళ్లు, తువ్వాలు, వాడికి ఒక జత పొడి బట్టలు సంచిలో పెట్టుకో. చున్నీ వేసుకోవద్దు. పుష్యమాసం పొగమంచులో నదికీ గట్టుకీ తేడా తెలియదు కాబట్టి ఎండ పొడ కనిపించాకే బయలుదేరు. ఒక పక్కకు పది కిలోమీటర్లు కూడా ఉండదు, తొందరేమీ లేదు. దూరం లెక్కపెట్టుకుంటూ తొక్కేవాళ్లకు హైవే ఉంది. గట్టు మీదికి వచ్చేది ఆగడానికి.

ఎక్కడెక్కడ ఆగాలో నన్నడిగితే చాలా చెబుతాను. కోటిలింగాల ఘాటు దగ్గర పొద్దున స్నానాలు చేసేవాళ్ల మధ్య సైకిలు నడిపించుకుంటూ వెళ్లు, తడి రాళ్ల మీద తొక్కకు. పుష్కరాల రేవు దగ్గర కాసేపు కూర్చో. గట్టుకు దగ్గర్లోనే రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం ఉంది, బుజ్జిగాడికి పాత శిల్పాలు చూపించు. తిరుగుదారిలో ఊళ్లోకి వచ్చి వాడికి రోజ్‌మిల్క్ తాగించు, కంబాల చెరువు పార్కులో ఆడుకోనివ్వు. కడియం నర్సరీలు కూడా చూస్తానన్నావట. చూడు, కానీ మరో రోజు. పిల్లవాడితో ఒకే రోజు రెండూ పెట్టుకుంటే చివరి గంట మీకిద్దరికీ ఏడుపే మిగులుతుంది.

కొవ్వూరు వైపు బ్రిడ్జి మాత్రం ఎక్కకు. అడుగున రైళ్లు, పైన రోడ్డు ఉన్న వంతెన. 1974లో అది తెరిచినప్పుడు ఊరంతా సంబరపడ్డాం. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. వెనక నుంచి బండి హారన్ కొడితే పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. నా మాట విను, దాన్ని ఒడ్డున నిలబడి చూడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే తెలిసినవాళ్లం ఇద్దరమే.

1967. నాకు పద్నాలుగేళ్లు, మీ అమ్మకు అయిదు. ఆదివారాలు మా వీధి చివరి సైకిలు షాపులో గంట లెక్కన లేడీస్ సైకిలు అద్దెకు తెచ్చుకునేదాన్ని. పరికిణీ కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఓణీ నడుముకు చుట్టి, గట్టు మీద ఆ కొస నుంచి ఈ కొసకు. మీ అమ్మ రోజూ వెంటపడేది, నన్నూ ఎక్కించుకో అని. ఆ రోజు ఎక్కించుకున్నాను. వెనక క్యారియర్ మీద ఒక పాత దుప్పటి మడిచి వేశాను. నన్ను గట్టిగా పట్టుకో అన్నాను. కాళ్ల గురించి ఒక్క మాట చెప్పలేదు. అయిదేళ్ల పిల్ల కాళ్లకు ఆనుకునే చోటు ఎక్కడుంటుందని ఆలోచించలేదు.

అప్పటికి ఇక్కడ గోదావరి మీద రైలుకు ఒక్క హేవలాక్ వంతెనే ఉండేది. 1900లో కట్టిన ఆ వంతెనకు 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు. రైలు దాని మీద నెమ్మదిగా పోయేది. ఇంజను ఎన్నో స్పాను మీద ఉందో లెక్కపెట్టడం మా ఇద్దరికీ ఆట. ఆ సాయంత్రం కొవ్వూరు వైపు నుంచి రైలు వస్తోంది. నీళ్ల మీద ఎండ పరుచుకుని ఉంది. నేను తొక్కుతూనే తల తిప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వెనక మీ అమ్మ కూడా నాతో పాటు గట్టిగా లెక్కపెడుతోంది. పంతొమ్మిది, ఇరవై. ఇరవై ఒకటి దగ్గర దాని గొంతు ఆగిపోయింది. సైకిలు ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు నిలిచిపోయింది.

రైలు ఇంకా బాగా కనిపిస్తుందని అది పక్కకు ఒరిగిందట. కాలు చక్రంలోకి జారింది. మడమ వెనక కండ ఊచల మధ్య నలిగిపోయింది. వెంటనే అరుపు రాలేదు. నోరు తెరుచుకుని నా వైపు చూస్తోంది, అంతే. ఆ చూపు ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు కనిపిస్తోంది. గట్టు మీద వెళ్తున్న ఒక పెద్దాయన వచ్చి చక్రం వెనక్కి తిప్పి కాలు బయటికి తీశాడు. నేనైతే ముందుకు లాగబోయాను. అలా లాగి ఉంటే ఏమయ్యేదో తలుచుకోలేను. ఓణీ చింపి కట్టుకట్టి, దాన్ని చంకనెత్తుకుని ఇంటికి పరుగెత్తాను.

అంతవరకు జరిగింది పొరపాటు. తరువాత చేసింది తప్పు. నిజం చెబితే మళ్లీ సైకిలు ముట్టనివ్వరని, రేవు మెట్ల మీద జారిపడిందని మీ అమ్మమ్మతో చెప్పాను. మీ అమ్మ నా వైపు ఒకసారి చూసి, అవునని తల ఊపింది. అయిదేళ్ల పిల్ల నా కోసం అబద్ధమాడింది. అమ్మ ఆ మాట నమ్మి, ఆ రోజు నుంచి దాన్ని రేవులో దిగనివ్వలేదు. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లకు ఈత రాలేదు. తరువాత పుష్కరాలు ఎన్ని వచ్చినా, అది గట్టు మీదే నిలబడి నెత్తిన నీళ్లు చల్లించుకుంది. నేను ఆ వచ్చే ఆదివారం మళ్లీ సైకిలు తెచ్చుకున్నాను. మీ అమ్మ మడమ మీద మచ్చ నువ్వు చూసే ఉంటావు. మెట్ల మీద పడితే అలాంటి మచ్చ రాదు తల్లీ.

అందుకే చెబుతున్నాను. వాణ్ణి వట్టి క్యారియర్ మీద కూర్చోబెట్టవద్దు, నీ నడుము పట్టుకుంటాడులే అనుకోవద్దు. పిల్లల సీటు బిగించు. కాళ్లు పెట్టుకోవడానికి చోటు, పాదాలకు పట్టీలు, చక్రానికీ కాలికీ మధ్య అడ్డంగా రేకో వలో ఉండాలి. ఆరేళ్ల వాడి బరువుకు ఆ సీటు సరిపోతుందో లేదో కొనేటప్పుడే అడుగు. బూట్లు వేయించు, చెప్పులు కాదు. బయలుదేరే ముందు వాణ్ణి కూర్చోబెట్టి, వెనక చక్రం పైకెత్తి తిప్పి, వాడి కాలు ఎంత చాచినా ఊచలకు అందదని నీ కళ్లతో చూసుకో.

నది చూడాలనిపిస్తే దిగు. నెమ్మదిగానే పోతున్నాం కదా, తొక్కుతూ చూడవచ్చులే అనిపిస్తుంది. నేనూ నెమ్మదిగానే పోయాను. వెనక పిల్లవాడున్నప్పుడు నీ కళ్లు దారి మీద ఉండాలి. పడవ కనిపించినా, కొంగలు లేచినా, వాడు "అమ్మా అటు చూడు" అన్నా, ముందు కాలు నేల మీద పెట్టు. ఇరవైసార్లు దిగవలసి వస్తే ఇరవైసార్లు దిగు.

ధవళేశ్వరంలో, అక్కడ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరున్న మ్యూజియం తప్పకుండా చూపించు. 1847లో మొదలుపెట్టి 1852కు ఆనకట్ట పూర్తిచేశారు. ఇప్పుడు అక్కడున్న బ్యారేజీ తరువాత కట్టినది. తూర్పు డెల్టా కాలువ బయలుదేరే చోట వాణ్ణి నిలబెట్టి, మనం తినే అన్నం ఈ నీళ్లదేనని చెప్పు.

సంక్రాంతికి నది శాంతంగా ఉంటుంది కాబట్టి ఒప్పుకుంటున్నాను. వానాకాలంలో ఎర్రనీరు వచ్చాక అయితే ఎంత బతిమాలినా ఒప్పుకునేదాన్ని కాదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడో హెచ్చరిక అంటే సుమారు 17 లక్షల క్యూసెక్కులు, సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరన్నమాట. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. ఆ వరద చూసినవాళ్లం ఇప్పటికీ శ్రావణంలో వాన గట్టిగా పడితే రేడియో పెడతాం. రేవు దగ్గర వాడి చెయ్యి వదలకు. నీళ్లు ఎంత నిశ్చలంగా ఉన్నా సరే.

భోగికి ముందురోజు సైకిలు మా ఇంటికి తీసుకురా. సీటు బిగింపు, చైను కవరు నేను చూస్తాను. ఈ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించు. తన ముందే నువ్వు చదవాలి. యాభై ఏళ్లు దాటినా తను ఆ మాట ఎవరితోనూ అనలేదు, నేను కూడా ఆమెను క్షమించమని అడగలేదు.

బయలుదేరే రోజు ఆమెను ఆటోలో పుష్కరాల రేవుకు తీసుకొస్తాను. మీరు వచ్చేసరికి అక్కడే ఉంటాం. మెట్లు దిగమని నువ్వు బలవంతపెట్టకు. నేను కింది మెట్టు మీద కూర్చుంటాను, తనకు ఎప్పుడు దిగాలనిపిస్తే అప్పుడు దిగుతుంది.

మీ పెద్దమ్మ