తగ్గింపు ఎంత శాతం?

సందేహం: మా సంఘంలో యువజన కూడికలకు ఫ్లెక్సీ మాటలు రాసే పని నాకు అప్పగించారు. ‘తగ్గింపు కలిగిన ఆరాధన – మూడు రోజుల ప్రత్యేక కూడికలు’ అని రాసి ఇచ్చాను. అచ్చువేసే కుర్రవాడు చదివి, ‘ఎంత శాతం తగ్గింపండీ?’ అన్నాడు. అక్కడున్నవాళ్ళందరూ నవ్వారు. గర్వం విడిచి దేవుని ముందు వంగడం అనే అర్థంలో ‘తగ్గింపు’ తప్పా? ‘వినయపూర్వక ఆరాధన’ అనాలా, ‘దీనత్వంతో కూడిన ఆరాధన’ అనాలా? నమూనా జతచేశాను, చూడగలరు.
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: ఆ కుర్రవాడిని ఏమీ అనకండి. ఆషాఢమాసం అంతా బట్టల దుకాణాల ఫ్లెక్సీలు అచ్చువేసిన చెయ్యి అది. ‘తగ్గింపు’ కనబడితే పక్కన శాతం గుర్తు కోసం వెతుక్కుంటుంది. మీ మాటా తప్పు కాదు. క్రైస్తవ సంఘాలలో ‘తగ్గింపు’, ‘తగ్గింపు జీవితం’, ‘తగ్గించుకోవడం’ తరాలుగా వాడుకలో ఉన్నాయి. ఒక సమాజం ప్రార్థనలో అరగదీసిన మాటను, వీధిలో ఎవరికో నవ్వొచ్చిందని పారేసుకోనక్కరలేదు. అయితే మీ వాక్యంలో నన్ను గుచ్చుతున్నది ‘తగ్గింపు’ కాదు, దాని పక్కన కూర్చున్న ‘కలిగిన’. దాని సంగతికి వస్తాను. ముందు ‘తగ్గు’ చూద్దాం.

వినయానికి ఇంగ్లీషువాళ్ళు వాడే మాట లాటిన్‌లో ‘నేల’ అనే మాట నుంచి పుట్టిందని ఈ మధ్య ప్రతి ప్రసంగంలోనూ వింటున్నాను. వినడానికి బాగానే ఉంటుంది. మన ‘తగ్గు’ ఎక్కడ పుట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు. ‘తగ్గు’ క్రియ మాత్రమే కాదు, నామవాచకం కూడా. పల్లపు నేల, గుంట, లోతట్టు చోటు అని దాని అర్థం. వాన వెలిశాక నీళ్ళు నిలిచే చోటు తగ్గు. కన్నడంలో ఈ అర్థం నేటికీ సజీవంగా ఉంది. గతుకుల బాటను వాళ్ళు ‘తగ్గుదిణ్ణె’ అంటారు. పెద్దల ముందు ఒదిగి ఉండమని చెప్పడానికి ‘తగ్గి బగ్గి నడె’ అంటారు. అంటే గుంటకూ వినయానికీ ఒకే మాట. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్న సామెతలో పల్లం పక్కనే దేవుడెందుకు వచ్చాడో నాకు అప్పుడప్పుడు అనిపిస్తూ ఉంటుంది. అది వ్యుత్పత్తి కాదు, ముచ్చట అనుకోండి.

‘తగ్గు’కు జోడు ‘హెచ్చు’. అదీ కన్నడపు వాసన ఉన్న మాటే. పాత కన్నడంలో మాట మొదట ఉన్న పకారం తర్వాతి కన్నడంలో హకారం కావడం మామూలు. అలా ‘పెర్చు’ వాళ్ళకు ‘హెచ్చు’ అయింది. మనవైపు దాని తోబుట్టువు ‘పెచ్చు’. ‘ఆగడాలు పెచ్చుమీరిపోయాయి’ అని పత్రికలు రాసేది ఆ పెచ్చునే. ఈ జోడు బైబిలు తెలుగులో ఒకచోట ఎంత బరువుగా పడిందో చూడండి. యేసు దగ్గరికి జనం పోతున్నారని శిష్యులు వచ్చి చెప్పినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను అన్న మాట: ‘ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది.’ తగ్గించుకుంటాననలేదు, తగ్గింపు కలిగి ఉంటాననలేదు. ‘తగ్గవలసియున్నది’, అంతే. అకర్మక క్రియ. సంత ముగిశాక సద్దు తగ్గినట్టు, పొద్దెక్కిన కొద్దీ మంచు తగ్గినట్టు తగ్గడం.

‘వేమన కూడా ఇదే చెప్పాడు కదా, కొంచెముండుటెల్ల కొదువ గాదు అని’ అంటూ కొందరు వెంటనే అందుకుంటారు. కాదు. ఆ పద్యం ‘అనువుగాని చోట’ అని మొదలవుతుంది. అది లౌక్యం తెలిసినవాడి సలహా. అద్దంలో కొంచెంగా కనబడినా కొండ కొండగానే ఉంటుంది, దానికి ఆ సంగతి తెలుసు కూడా. యోహాను మాటలో అద్దం లేదు.

ఇప్పుడు ‘కలిగిన’. ‘తగ్గింపు కలిగి ఉండాలి’, ‘ప్రేమ కలిగి ఉండాలి’, ‘ఓర్పు కలిగి ఉండాలి’ అనే వాక్యాలు వేదికల మీద ఎడాపెడా వినిపిస్తున్నాయి. గ్రాంథికంలో ‘కలిగి’కి చోటు ఉంది, కాదనను. కానీ ‘తగ్గింపు’ ఎలా పుట్టిందో మీకు తెలుసు. అది ‘తగ్గు’ నుంచి నేరుగా రాలేదు, ‘తగ్గించు’ నుంచి వచ్చింది. కేటాయింపు, పొడిగింపు, మినహాయింపు ఎలాంటివో ఇదీ అలాంటిదే. ఎవరో ఒకరు దేనినో ఒకదానిని చేసిన పని. దుకాణంవాడు ధరకు చేసేది, ప్రభుత్వం పన్నుకు చేసేది. ఆ పనిని మనిషి ‘కలిగి’ ఉండడమంటే, రైతు పొలం కలిగి ఉన్నట్టు, ఉద్యోగి ఇంటి స్థలం కలిగి ఉన్నట్టు, వినయాన్ని కూడా ఆస్తిపట్టీలో రాసుకోవడమే. ‘మా అన్నకు ఎంత తగ్గింపు ఉందో!’ అని మెచ్చుకోలు మొదలైందంటే, అన్నగారు ఆ తగ్గింపును జాగ్రత్తగా కాపాడుకోవడం మొదలుపెడతారు.

లూకా సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో ధర్మశాస్త్రం గట్టిగా పాటించే పరిసయ్యుడు, పన్నులు వసూలుచేసే సుంకరి దేవాలయానికి ప్రార్థనకు వెళ్ళిన కథ మీకు కంఠతా వచ్చి ఉంటుంది. ఒకసారి విభక్తుల కోసం చదవండి. పరిసయ్యుడి ప్రార్థన ‘దేవా, నేను’ అని ఎత్తుకుంటుంది. అక్కడి నుంచి ఉపవాసం చేసేదీ ఆయనే, పదియవ వంతు చెల్లించేదీ ఆయనే. కృతజ్ఞతాస్తుతులు కూడా ‘చెల్లించుచున్నాను’ అన్న క్రియలోనే. చెల్లింపులు ఎక్కువైనవాడికి స్తుతి కూడా ఒక పద్దులా కనబడుతుంది కాబోలు. తెలుగు అనువాదకుడు దాని చివర ‘తనలో తాను ప్రార్థించుచుండెను’ అని ముగించాడు. ఇంతకంటే గట్టి వ్యాఖ్యానం నేను చదవలేదు. ఇక సుంకరి. దూరంగా నిలబడి, రొమ్ము కొట్టుకుంటూ, ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము.’ నేను పోయి నన్ను వచ్చింది. ప్రథమ దిగి ద్వితీయ అయింది. వాక్యంలో పని చేసేవాడు వేరొకడు, ఈయన ఆ పని తన మీద పడాలని నిలబడ్డవాడు. మనిషి మాయం కాలేదు, మన్ను కాలేదు. విభక్తి మారింది, అంతే.

ఈ మాట చెప్పుకుంటూ పురుషోత్తమ చౌదరిని తలుచుకోకపోతే నాకు అన్నం సయించదు. 1803లో పర్లాకిమిడి దాపున ఒడియా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, 1890లో కన్నుమూసేదాకా తెలుగులో కీర్తనలు కట్టిన మనిషి. ఇంట్లో ఒడియా, పాటలో తెలుగు. నేటికీ పల్లెటూరి గుడిలో ముసలమ్మలు పుస్తకం చూడకుండా పాడే ‘త్రాహిమాం క్రీస్తు నాథ దయ జూడ రావే’ ఆయనదే. త్రాహి మాం అంటే కాపాడు నన్ను. మళ్ళీ ద్వితీయే చూశారా! పల్లవిలో ‘నేను’ కూడా ఉంది. కానీ అది ‘దేహి’ అంటూ వచ్చిన నేను, గుమ్మం ముందు చెయ్యి చాపిన నేను. ఆ ‘దేహి’ దేహం కలవాడని కాదు. ‘ఇయ్యి’ అని. మొన్నొక కీర్తనల వ్యాఖ్యలో ‘శరీరధారినైన నేను’ అని అర్థం రాసి ఉండగా చూశాను. బిచ్చగాడి కేకను వేదాంతం చేసేశారు.

చరణంలో అసలు సంగతి ఉంది. ‘గవ్వ చేయరాని చెడ్డ కర్మేంద్రియాధీనుఁడను’ అంటాడు. ‘గవ్వ చేయు’లో ‘చేయు’ పని చేయడం కాదు, విలువ చేయడం. ‘ఈ జత ఎంత చేస్తుంది?’ అని ఎద్దుల సంతలో అడిగే చేయు. ఈ అర్థాన్ని మనం పోగొట్టుకుంటున్నాం. ‘లక్ష రూపాయలు చేసే గొలుసు’ అని హాయిగా అనవలసిన చోట ‘లక్ష రూపాయల ఖరీదు కలిగిన గొలుసు’ అంటున్నారు. మళ్ళీ ‘కలిగిన’!

గవ్వ ఇక్కడ ఉత్త అలంకారమనుకోకండి. చౌదరి పుట్టిన నాటికి ఒడిశా సంతల్లో గవ్వే చిల్లర నాణెం. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చేవి. నాలుగు గవ్వలు ఒక గండా, ఇరవై గండాలు ఒక పణం, పదహారు పణాలు ఒక కాహణం. అంటే కాహణానికి 1280 గవ్వలు. రూపాయి కావాలంటే అలాంటి కాహణాలు కొన్ని పోగుచేయాలి. ఆయన పుట్టిన 1803లోనే ఈస్టిండియా కుంపిణీవారు మరాఠాల చేతుల్లోంచి కటకం పట్టుకున్నారు. ఇక శిస్తు గవ్వల్లో చెల్లదు, వెండిలో కట్టాలన్నారు. 1817లో ఖుర్దా రాజుగారి బంట్లయిన పైకులు తిరగబడడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. గవ్వ విలువ కళ్ళముందే పడిపోవడం చూసిన కాలం అది. అలాంటి కాలపు మనిషి తన ఖరీదు చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఆ గవ్వను కూడా తాకలేనన్నాడు. ‘చేయని’ అనలేదు, ‘చేయరాని’ అన్నాడు. చేయని సరుకు రేపు చేయవచ్చు. చేయరాని దానికి ఆ ఆశ కూడా లేదు. దాని పక్కనే ‘కర్మేంద్రియాధీనుఁడను’ అని నిండు సంస్కృత సమాసం. సంతలో చిల్లర, శాస్త్రంలో సమాసం ఒకే పాదంలో ఇరుకులేకుండా కూర్చున్నాయి. పైగా గవ్వకు ప్రాసగా తర్వాతి పాదంలో ‘రవ్వ చేయ’ వస్తుంది. రవ్వ చేయడమంటే అల్లరిపాలు చేయడం. ఒక చేయుకు విలువ, ఒక చేయుకు పరువు. ఒడియా ఇంటి బిడ్డ మన క్రియతో ఇలా ఆడుకున్నాడు. మనం దానికి ‘కలిగిన’ తగిలించి చంపుతున్నాం.

అంచేత మీ అచ్చు కుర్రవాడి నవ్వులో కొంత న్యాయం ఉంది. చౌదరి కూడా సంత భాషలోనే మాట్లాడాడు. అయితే ఆయన తగ్గించినది దుకాణంవాడు తగ్గించేది కాదు. దుకాణంవాడు తగ్గిస్తే సరుకు అమ్ముడుపోవడానికే.

మిగతా మాటలు గబగబా. ‘వినయం’ మంచి మాటే. మొదట శిక్షణ, క్రమం అని దాని అర్థం. ‘వినయపూర్వక’ అయ్యేసరికి తహసీల్దారుగారి బల్ల మీది అర్జీ వాసన వేస్తుంది. ‘దీనుడు’ గొప్ప మాట. లావు ఒక్కింతయు లేదని తెలిశాకనే పోతన గజేంద్రుడు ‘మన్నింపందగున్ దీనునిన్’ అన్నాడు. కానీ ‘దీనత్వం’ అని రాస్తే బయటివాళ్ళు దైన్యం అనుకుంటారు. బైబిలులో ఉన్న ‘దీనమనస్సు’ అంతకంటే నయం. ‘అతిశయం’ సాహిత్యంలో గొప్పతనం, సంఘంలో గొప్పలు చెప్పుకోవడం. రెండూ ఉండనివ్వండి. సంతాప ప్రకటనల్లో కనబడే ‘నిగర్వి’ మాత్రం నాకు పడదు. నిర్ మీద గర్వం చేరితే రేఫ ఎక్కడికి పోతుంది? ఇక ‘ఆరాధన’. ఈ రోజుల్లో డ్రమ్ములు మోగినంతసేపు ఆరాధన, పాటలు ఆగగానే ‘ఆరాధన అయిపోయింది, ఇప్పుడు వాక్యం’ అంటున్నారు. మాటను అలా కోసి సగం పారేయడం నాకు నచ్చదు. దానికంటే తొంభై అయిదో కీర్తనలో ‘సాగిలపడుదము’ అని ఉంది. సాగు అంటే చాచుకొను. మనిషి తన పొడవంతా నేలకు అప్పగించడం. పాత కావ్యాల ‘చాఁగిలి మ్రొక్కు’ ఇదే. ఎవరి ముందూ తగ్గనంటూ గడ్డం కింద చెయ్యి రాసుకోవడం పిల్లల ఆటైపోయిన ఈ కాలంలో ఫ్లెక్సీ మీద ‘సాగిలపడుదము’ అని ఒక్క మాటే ఉంటే దారినపోయేవాడు ఆగి చూస్తాడని నా ఊహ.

‘తగ్గింపు’ తీసేయమని మాత్రం నేను తీర్పు చెప్పను. గుడి లోపల అది చెల్లుతుంది. వీధిలో పెట్టేటప్పుడు నామవాచకం వదిలి క్రియను పట్టుకోండి. ‘తగ్గి ఆరాధించుదము’ అన్నా సరే, మీ పెద్దలు ఒప్పుకుంటే ‘మనము తగ్గవలసియున్నది’ అన్నా సరే. ‘తగ్గింపుతో’ అని రాసినా నేను కొట్లాటకు రాను. ‘కలిగిన’ ఉంచితే మాత్రం వస్తాను.

నమూనా చూశాను. అందులో పదకొండు నిలువెత్తు ఫోటోలున్నాయి. ‘ఆరాధన’ అన్న మాట మధ్యలో ఉన్నవారి మోచేతి కింద ఇరుక్కుంది. దాన్ని గురించి మీరు అడగలేదు.